ఇప్పుడు కట్టే ఇల్లు 2055లో ఎలాంటి బతుకు చూస్తుంది? మీ ఊహ చెప్పండి

భీమవరం_కొత్తఇల్లు

అందరికీ నమస్కారం. భీమవరం పక్కన మా ఊళ్లో పాత పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో డాబా కడుతున్నాం. శంకుస్థాపన అయింది, పునాదులు తవ్వడం వచ్చే వారం. అమ్మానాన్న అందులో ఉంటారు, నేను విశాఖలో ఉద్యోగం, రిటైరయ్యాక అక్కడికే వెళ్లిపోవాలని నా ఆశ. అంటే ఈ ఇల్లు తక్కువలో తక్కువ 2055 దాకా నిలబడాలి. ప్లాను చూపిస్తే మా వాళ్లందరూ వాస్తు గురించీ కార్ పార్కింగ్ గురించీ అడుగుతున్నారు తప్ప, అప్పటికి మనం ఎలా బతుకుతాం, పొద్దున లేచి ఏం చేస్తాం, ఏ వస్తువులు ఉంటాయి, ఎవరు మిగులుతారు అని ఎవరూ అడగడం లేదు. నాకు అదే పెద్ద టెన్షన్ అయిపోయింది. ఒకసారి కాంక్రీటు పోశాక మార్చలేం కదా.

ఎగిరే కార్లూ చంద్రుడి మీద కాపురాలూ వద్దు. ఒక మామూలు ఇంట్లో మామూలు రోజు ఎలా మారుతుందో మీమీ పనుల్లో మీరు చూస్తున్నదాన్ని బట్టి చెప్పండి. ఇప్పుడు ఏం చేస్తే అప్పటికి పనికొస్తుందో కూడా.

సబ్‌స్టేషన్_ఏఈ

మంచి ప్రశ్న వేశారు. నేను కరెంటు మనిషిని కాబట్టి దాని గురించే చెబుతాను.

30 ఏళ్ల తర్వాత ఇంట్లో గ్యాస్ బండ ఉంటుందని నేను అనుకోవడం లేదు. వంట, బండి, స్నానానికి వేడినీళ్లు, ఏసీ అన్నీ కరెంటు మీదకే వస్తాయి. ఇప్పుడు మన ఇళ్లకు తీసుకునే లోడు ఫ్యాన్లూ లైట్లూ ఒక ఫ్రిజ్జూ లెక్కలో ఉంటుంది. ఎలక్ట్రిక్ కారును మామూలు 16 ఆంపియర్ల సాకెట్‌లో పెడితేనే 3 కిలోవాట్ల పైన లాగుతుంది, కాస్త వేగంగా ఎక్కించే చార్జరు 7 కిలోవాట్ల పైనే. ఒకే సమయంలో ఇండక్షన్ స్టవ్ మీద అన్నం, రెండు గదుల్లో ఏసీ, బయట కారు అనుకోండి. త్రీఫేజ్ ఇప్పుడే తీసుకోండి, డీబీలో, అంటే ఇంట్లోకి వచ్చిన కరెంటును గదులకు పంచే పెట్టెలో, ఖాళీ గడులు సగానికి సగం వదిలేయండి.

డాబా మీద సోలార్ ఎలాగూ పెడతారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. 3 కిలోవాట్లు పెట్టాలంటే నీడ పడని చోటు 300 చదరపు అడుగులు కావాలి, ఎండ బాగా కాస్తే రోజుకు 12 యూనిట్లు వస్తాయి. అందుకని నీళ్ల ట్యాంకును, మెట్లగదిని ఉత్తరం వైపుకు తొయ్యండి, వాటి నీడ పలకల మీద పడకూడదు. ఈ ఒక్క సంగతి ప్లాను గీసేటప్పుడు ఎవరూ చూడరు, తర్వాత నా దగ్గరికి వచ్చి యూనిట్లు రావడం లేదని అంటారు.

ఇంకో మార్పు కరెంటు రేటులో వస్తుంది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లోనే ఎండ ఉండే గంటల్లో తక్కువ రేటు, రాత్రి రద్దీ గంటల్లో ఎక్కువ రేటు అనే పద్ధతి ఉంది. అది ఇళ్లకు పూర్తిగా వచ్చాక మన రోజంతా తిరగబడుతుంది. గ్రైండరు, వాషింగ్ మెషీను, బండి చార్జింగ్ మధ్యాహ్నానికి మారతాయి, అదీ ఎవరూ స్విచ్ వెయ్యకుండానే. పగలు మిగిలిన కరెంటును రాత్రికి దాచడం మన దగ్గర కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి, కరెంటు మిగిలినప్పుడు అవే కింది నీళ్లను మళ్లీ పైకి తోడగలవు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇదే పద్ధతిలో ఇంకా పెద్ద ప్రాజెక్టు చేపట్టారు. ఇంట్లో ఆ పని బ్యాటరీ చేస్తుంది. దానికి ఎండ తగలని, గాలి ఆడే చిన్న చోటు మెట్ల కింద కాకుండా బయటి గోడకు వదలండి.

డల్లాస్_బాబాయ్

ఏఈ గారు చెప్పింది బాగుంది కానీ అసలు మార్పు రోబోల్లో వస్తుంది. మా అమ్మగారు గుడివాడలో ఒక్కరే ఉంటారు, ఇక్కడినుంచి రోజూ కెమెరాలో చూసుకుంటాను. ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లలో మనిషి ఆకారంలో ఉన్న రోబో వంట చేసి, మందులిచ్చి, పడిపోతే లేపి కూర్చోబెడుతుంది. ఇక్కడ గిడ్డంగుల్లో రోబోలు సామాన్లు మొయ్యడం, రోడ్ల మీద డ్రైవరు లేని కార్లు తిరగడం ఇప్పుడే చూస్తున్నాం. ఇంట్లోకి రావడానికి ఇంక ధర ఒక్కటే అడ్డు. కాబట్టి ఇల్లంతా కెమెరాలకు వైరింగ్ చేయించండి, ప్రతి గదికీ, వంటింటికీ, వరండాకీ. మీరు ఎక్కడున్నా అమ్మానాన్న కళ్లముందే ఉన్నట్టుంటుంది.

రాత్రిడ్యూటీ_నర్సు

బాబాయ్ గారూ, మీరు అమ్మగారి మీద ప్రేమతోనే అంటున్నారని తెలుస్తోంది. నేను విజయనగరంలో ఆసుపత్రిలోనూ, సెలవు రోజుల్లో ఇళ్లకు వెళ్లీ పెద్దవాళ్లను చూసుకునే పని చేస్తాను. నాకు కనిపించేది చెబుతాను.

మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ఇప్పుడు ఆ పని చేస్తున్నది కోడలో కూతురో. వాళ్ల నడుములు పోతున్నాయి, నిద్ర లేదు. ఇలా తిప్పడానికీ ఎత్తడానికీ యంత్రం వస్తే నేను దణ్ణం పెట్టి తీసుకుంటాను. కానీ తినిపించడం వేరు. ముద్ద మింగలేక మొహం తిప్పుకున్న మనిషి దగ్గర ఓపికగా కూర్చోవడానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషి ఉండటానికి ఇంట్లో గది కావాలి. కింద ఒక చిన్న గది, దానికి వేరే బాత్రూము కట్టండి. ఇవాళ అద్దెకిచ్చుకోండి, రేపు సాయంగా ఉండే అమ్మాయికి పనికొస్తుంది.

కెమెరాల విషయం. పెద్దవాళ్లు ఎక్కువగా పడేది బాత్రూములో, అక్కడ కెమెరా పెడతామా? పెట్టకూడదు. బొమ్మ తీయకుండా రాడార్ తరంగాలతో మనిషి పడిపోయాడని మాత్రం పట్టే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి, ముందుముందు చవకవుతాయి. వాటికి సీలింగు దగ్గర ఒక కరెంటు పాయింటు చాలు. దానికంటే ముఖ్యం తలుపు. మన మేస్త్రీలు బాత్రూము తలుపు రెండున్నర అడుగులే పెడతారు, చక్రాల కుర్చీ దూరదు. 3 అడుగులు పెట్టించండి. లోపల కుర్చీ తిరగడానికి 5 అడుగుల చోటు, గడప లేకుండా సమంగా నేల, జారని టైల్స్, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ బిగించడానికి గట్టి గోడ. ఇవన్నీ ఇప్పుడు చేస్తే అయ్యే ఖర్చు తక్కువ, తర్వాత పగలగొట్టి చేస్తే ఎక్కువ.

ఒక మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను, ఆసుపత్రి ఇంటికి దగ్గరవుతుంది. 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు ఊరికి వస్తుందంటే మా అమ్మమ్మ నమ్మలేదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఊళ్లలో విజన్ సెంటర్లు పెట్టి, అక్కడి పిల్లలకే శిక్షణ ఇచ్చి, కళ్లు పరీక్ష చేసి డాక్టరుకు చూపించే ఏర్పాటు చేసింది. ఇలాంటిది గుండెకూ షుగరుకూ గాయాలకూ వస్తుంది. యంత్రం చూస్తుంది, దూరంగా డాక్టరు చెబుతారు, దగ్గరుండి చేసే చెయ్యి మాత్రం ఊళ్లోదే. ఆ చేతికి మంచి జీతం ఇచ్చే లోకం వస్తుందా అన్నదే నా బెంగ.

డల్లాస్_బాబాయ్

చెల్లెమ్మా, బాత్రూము సంగతి నేను ఆలోచించలేదు, ఆ రాడార్ పరికరం పేరు తర్వాత విడిగా అడుగుతాను. కానీ మనుషులు దొరకరు అనేది కూడా నిజమే కదా. 2050కి మన దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు 60 దాటినవాళ్లే ఉంటారని ఐక్యరాజ్యసమితి లెక్క. మన రెండు రాష్ట్రాల్లో ఆ వాటా ఇంకా ముందే పెరుగుతుంది. పిల్లలు తక్కువ, ఉన్నవాళ్లు హైదరాబాద్, బెంగళూరు, మా దగ్గర. సాయంగా ఉండే అమ్మాయి ఎక్కడినుంచి వస్తుంది? అందుకే యంత్రం మీద ఆశ పెట్టుకుంటున్నాను. సరదాకి కాదు.

ఇంటర్_సెకండియర్

నేను మాట్లాడొచ్చా? 2055కి నాకు నలభై ఏడేళ్లు, అంటే ఆ ఇంట్లో ఉండాల్సింది మా తరమే.

అందరూ పెద్దవాళ్ల గురించి చెప్పారు, అది కరెక్టే. ఆంధ్రలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8 అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఉంది, మా ఎకనామిక్స్ సార్ చెప్పారు. ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదనే నియమాన్ని 2024లో ఆంధ్రలో తీసేశారు. మా ఊరి ప్రైమరీ స్కూల్లో మా నాన్న చదివినప్పుడు తరగతి గది నిండేదట, ఇప్పుడు ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి.

అందుకని నాకు కావాల్సింది ఏంటంటే, ఊళ్లోనే ఉండి పని చేసుకునే వీలు. అప్పటికి సగం ఉద్యోగాలు ఎక్కడినుంచైనా చెయ్యొచ్చు అంటున్నారు, అలాంటప్పుడు చప్పుడు రాని, తలుపు వేసుకుంటే ఎవరూ పిలవని ఒక గది ఊరి ఇంట్లో ఉండాలి. ఇప్పుడు మా ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు వినాలంటే డాబా ఎక్కాలి. అన్నా, అలాంటి గది ఒకటి కట్టు, మీ పిల్లలు వెనక్కి రావాలంటే.

అనంత_రైతు

మాది అనంతపురం జిల్లా. కరెంటు గురించి అంతా చెప్పినారు, నీళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మీది గోదావరి జిల్లా కాబట్టి ఆ ఆలోచన రాదు, మాకు పొద్దున లేస్తే అదే ఆలోచన.

మోటారు ఆన్ చేయడానికి రాత్రిపూట పొలానికి పోయి పాము కరిచి చనిపోయినోళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. ఇప్పుడు స్టార్టరుకు సిమ్ వేసుకుని మంచంలో నుంచి ఫోన్ చేస్తే మోటారు తిరుగుతుంది. డ్రోను పది లీటర్ల మందుతో ఎకరాను పది నిమిషాల లోపే కొట్టేస్తుంది, మనిషి మందు పీల్చే బాధ తప్పింది. డ్రిప్పు కోసం 2003లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేక ప్రాజెక్టు పెట్టినారు. ఇవన్నీ మంచివే, నేను వాడతాను. 2055కి నేలలో తేమ ఎంతుందో మొక్కే చెప్పినట్టు పరికరం చెబుతుంది, మోటారు దానంతటదే తిరిగి ఆగుతుంది, కలుపు తీసే చిన్న బండ్లు వస్తాయి. ఇదంతా నమ్ముతాను.

అయితే బోరులో నీళ్లు ఉండాలి గదా. మోటారు ఇంట్లో నుంచి వేసే వీలు వచ్చినాక కొందరు ఆపడమే మానేసినారు. పరికరం నీళ్లను పుట్టించదు. మా దిక్కు ఇరవై ఏళ్ల కింద ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది, రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, ఊరంతా ఒకచోట కూర్చుని ఈ ఏడు ఇన్ని నీళ్లున్నాయి, ఇంత వరి వద్దు, ఇంత వేరుశనగ వేద్దాం అని లెక్క వేసుకునేవాళ్లు. చేతిలో ఉన్నది ఒక తాడు, ఒక గంట లాంటి పరికరం, ఒక గోడ మీద రాత. ఇప్పుడు అదే పని సెన్సర్లతో క్షణాల్లో అవుతుంది. రాబోయే కాలంలో నేను చూడాలనుకునేది అదే, ప్రతి బోరు మట్టం ఊరందరికీ కనబడాలి, ఎవరు ఎంత తోడుతున్నారో తెలియాలి. అప్పుడు సిగ్గుతోనైనా ఆపుతారు.

ఇంటికి సంబంధించి నా మాట: 1,000 చదరపు అడుగుల డాబా మీద మాకు పడే 550 మిల్లీమీటర్ల వానకే సుమారు 50,000 లీటర్లు దిగుతుంది. మీకు మా కంటే రెట్టింపు వాన. ఆ నీళ్లు సంపులోకి పోయేలా పైపు ఇప్పుడే వేయండి. మీ దగ్గర చేపల, రొయ్యల చెరువుల వల్ల నేల నీళ్లు తాగేటట్టు లేవని మా బంధువులే చెప్పినారు.

భీమవరం_కొత్తఇల్లు

నిజమే అన్నా, మా ఊళ్లో తాగడానికి అందరం బబుల్ డబ్బాలే కొనుక్కుంటున్నాం. సంపు పెద్దది పెడతాను.

ఉప్పాడ_కెరటం

భీమవరం అన్నా, పునాది ఎత్తు ఎంత పెడుతున్నారు?

మాది ఉప్పాడ. మా తాతల ఇళ్లు, గుడి ఉన్న చోటు ఇప్పుడు సముద్రంలో ఉంది. మీరు తీరానికి కొంచెం లోపల ఉన్నా డెల్టా అంతా పల్లపు నేలే, సముద్రం పెరిగేకొద్దీ కాలువల్లో మురుగు బయటికి పోదు, ఒక్క వానకే నీళ్లు నిలబడిపోతాయి. 1986 ఆగస్టులో గోదారికి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మీ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, దానికి ఇంకో రెండడుగులు కలిపి గచ్చు ఎత్తు పెట్టండి. కరెంటు మీటరు, బ్యాటరీ కూడా ఆ ఎత్తులోనే.

కంప్యూటర్లు చేసిన గొప్ప పని ఏది అని నన్ను అడిగితే తుపాను హెచ్చరిక అంటాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద నేరుగా పడితే చెట్లన్నీ పడిపోయాయి, కానీ ప్రాణాలు పోయింది పదుల్లోనే, ఎందుకంటే ముందే చెప్పారు, జనాన్ని తరలించారు. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి చేపలు ఎక్కడ దొరికే వీలుందో, అలలు ఎంత ఎత్తు వస్తాయో రోజూ మాకు సమాచారం వస్తుంది. 2023లో అందరి ఫోన్లూ ఒకేసారి గట్టిగా మోగి హెచ్చరిక పరీక్ష జరిగింది గుర్తుందా? 2055కి ఆ హెచ్చరిక మీ వీధికి, మీ ఇంటికి సరిపోయేలా వస్తుంది, ‘ఇంకో మూడు గంటల్లో మీ గుమ్మం దాకా నీళ్లు’ అని. అది విని కదలాలంటే డాబా మీదకు పెద్దవాళ్లు ఎక్కగలిగే మెట్లు ఉండాలి. సోలార్ పలకలను తుపాను గాలికి తట్టుకునే బోల్టులతో బిగించమని చెప్పండి, హుద్‌హుద్ తర్వాత రేకులు ఎగిరిపడ్డ ఇళ్లు చూశాను.

మాటమర_ఇంజినీర్

హైదరాబాద్‌లో తెలుగు మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే పనిలో ఉన్నాను. మీ ఇంట్లో 2055కి స్విచ్ బోర్డులు ఉంటాయి కానీ వాటికంటే ఎక్కువగా మాట్లాడతారు. టీవీతో, తలుపుతో, బ్యాంకుతో, కరెంటు ఆఫీసుతో. చదువు రానివాళ్లకు ఇది ఫోన్ వచ్చిన దానికంటే పెద్ద మార్పు అవుతుంది. యూపీఐ 2016లో వచ్చింది, తోపుడు బండి మీద కూరలమ్మే అక్క కూడా వాడుతోంది, ఎందుకంటే డబ్బులు పడ్డాయని పెట్టె తెలుగులో చెబుతుంది కాబట్టి. ఆ గొంతు లేకపోతే ఆమె ఎంతోమంది చూపించే స్క్రీన్లను నమ్మాల్సి వచ్చేది.

ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పుడున్నవి టీవీ వార్తల తెలుగుకు బాగా పలుకుతాయి. అనంతపురం అన్న మాట్లాడే తీరు, శ్రీకాకుళం అమ్మమ్మ మాట, ఆదిలాబాద్ గోండు కుటుంబాల తెలుగు, పళ్లు ఊడిన తాతగారి మాట వస్తే తడబడతాయి. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం జిల్లాలు తిరిగి గొంతులు రికార్డు చేస్తోంది, కేంద్రం 2022లో భాషిణి అనే భాషా అనువాద వేదిక మొదలుపెట్టింది. మంచి పని, కానీ పెద్దవాళ్ల గొంతులు ఇంకా చాలా కావాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లను మాట్లాడించి, వాళ్ల ఒప్పుదలతో, ఇలాంటి ప్రాజెక్టులకు ఇవ్వండి. నేను చెప్పే మాటల్లో ఇదే అన్నిటికంటే నాకు ముఖ్యమైనది.

రెండోది, జాగ్రత్త. ఎవరి గొంతునైనా అచ్చంగా దించగలిగే పరికరాలు ఇప్పటికే ఉన్నాయి. ‘అమ్మా నేనే, డబ్బులు పంపు’ అని కొడుకు గొంతుతో ఫోన్ వస్తుంది. ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట ఇవాళే పెట్టుకోండి, ఎక్కడా రాయకండి, ఫోన్లో టైపు చేయకండి. పోలీసులమంటూ ఫోన్లో బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యండి. ఈ మాట అమ్మానాన్నలకు ఒకసారి చెబితే సరిపోదు, మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఇంక ఇంటి పరికరాల సంగతి. ఇంటర్నెట్ ఉంటేనే పనిచేసే తాళాలూ లైట్లూ కొనకండి. ఏదో కంపెనీ సర్వరు ఆపేస్తే మీ తలుపు మీకే తెరుచుకోదు. 2022లో వచ్చిన మ్యాటర్ లాంటి ఉమ్మడి ప్రమాణాలు పాటించే వస్తువులు చూసుకోండి, ప్రతిదానికీ చేత్తో వేసే స్విచ్ ఉండాలి. అసలు వైర్ల కంటే ఖాళీ పైపులు ముఖ్యం. ఈ పైపుల గురించి ఏఈ గారు వివరంగా చెప్పాలి.

సైన్స్_మాస్టారు

అందరూ చాలా బాగా రాస్తున్నారు, చదువుతుంటే సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్ల ముందుచూపు అంటే ముప్పై ఏళ్లు వెనక్కి కూడా చూడాలి. 1995లో నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆ ఏడాది జులై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ వెళ్లింది. మా ఊళ్లో ఎస్టీడీ బూత్ ముందు రాత్రిపూట, రేటు తగ్గే వేళకు, వరుస కట్టేవాళ్లం. ఆ వరుసలో నిలబడ్డ ఎవరినైనా భవిష్యత్తు ఎలా ఉంటుందని అడిగితే ఊరికి ఇంకో రెండు బూత్‌లు వస్తాయని చెప్పేవారు. టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది, అప్పటికి దాన్ని తలుచుకునే వాళ్లే తక్కువ.

అయితే అదే ముప్పై ఏళ్లలో మారనివి ఎక్కువ. మంచం, తలుపు, మెట్లు, కిటికీ, అన్నం తినే చోటు. 1995లో కట్టిన ఇంట్లో ఇప్పుడు ఇబ్బంది పెట్టేది ఫోన్ వైరు లేకపోవడం కాదు, గాలి రాకపోవడం. అందుకని ఈ తమ్ముడికి నా సలహా, పరికరాన్ని ఊహించి గోడ కట్టవద్దు. టేపు రికార్డరు కోసం గోడలో గూళ్లు పెట్టించిన మా తోటి ఉపాధ్యాయుల ఇళ్లు నాకు తెలుసు, ఇప్పుడు వాటిలో దేవుడి పటాలు ఉన్నాయి. గాలి, వెలుతురు, నీడ, నడవడానికి చోటు, వీటికి ముందు డబ్బు పెట్టండి.

సున్నంగోడ_ఆర్కిటెక్ట్

మాస్టారు గారు గాలి అన్నారు కాబట్టి వేడి గురించి నేను రాస్తాను. నా లెక్కలో 2055 ఇంటికి ఇదే మొదటి సమస్య.

రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనకు ముందునుంచీ ఉన్నాయి. మారుతున్నది రాత్రి. కాంక్రీటు శ్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా లోపలికి వదులుతుంది, పైగా రాత్రి ఉష్ణోగ్రతలే పెరుగుతున్నాయి. పెద్దవాళ్ల ఒంటికి రాత్రయినా చల్లబడే అవకాశం లేకపోతే ప్రమాదం. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. కోస్తాలో ఇంకో చిక్కు ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఫ్యాన్ కూడా వేడిగాలినే తోస్తుంది. అలాంటి రోజుల్లో ఏసీ విలాసం కాదు, మందు. ఇంట్లో ఒక్క గదినైనా గోడలకూ పైకప్పుకూ వేడి ఆపే పొర వేసి, చిన్న ఏసీతో, బ్యాటరీ మీద రాత్రంతా చల్లగా ఉండేలా కట్టండి. కరెంటు పోయిన రాత్రి ఇల్లంతా ఆ ఒక్క గదిలో పడుకోవచ్చు.

డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వెయ్యండి. తెలంగాణ 2023లో దీనికి ఒక విధానమే తెచ్చింది. మామూలు సున్నం కొట్టినా తేడా తెలుస్తుంది, ఏడాదికోసారి కొట్టుకోవాలి. సోలార్ పలకలు కూడా శ్లాబుకు నీడే. పడమర గోడకు కిటికీలు తగ్గించి, బయట వరండా గానీ వేపచెట్టు గానీ పెట్టండి. చెట్టు పెరగడానికి పదేళ్లు పడుతుంది కాబట్టి ముందు మొక్క నాటి తర్వాత ముగ్గు పొయ్యమని నేను నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతాను. ఒక ప్రశ్న: పాత పెంకుటిల్లు తీసేశారు కదా, ఆ పెంకులు, టేకు దూలాలు ఉంచారా? శ్లాబు మీద గాలి ఆడేలా ఎత్తు వదిలి ఆ పెంకులే కప్పితే అంతకంటే మంచి పైకప్పు ఇంకోటి లేదు.

పోచంపల్లి_మగ్గం

ఇంత మంది ఇంత చెప్పిండ్రు, నాదొక్కటే మాట. మా పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి రోజుకు వేలసార్లు ఆడాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే. భుజాలు పడిపోయేవి. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి, పెద్ద చదువు లేకుండానే ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం చేసిండు, దానికి అమ్మ పేరే పెట్టిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లో ఆ యంత్రం వచ్చినప్పటినుంచి మా అమ్మ మళ్లీ జడ తనే వేసుకుంటోంది.

బయటినుంచి ఎంత పెద్ద ఇంజినీరు వచ్చినా మేకుల దగ్గర కూర్చోకపోతే ఆ యంత్రం వచ్చేది కాదు. భీమవరం అన్నా, నువ్వు మమ్మల్నందరినీ అడిగినవ్, మంచిగనే ఉంది. మీ అమ్మను అడిగినవా, రోజు మొత్తంలో ఏ పని దగ్గర ఒళ్లు నొప్పి పుడుతుందో?

ఇంకోటి, ఇంట్లో చేసుకునే పని పోదు. మగ్గమే కాకపోవచ్చు. కుట్టుమిషనో, పచ్చళ్లో, కంప్యూటరో. ముందు గది కొంచెం పెద్దగా పెట్టు.

భీమవరం_కొత్తఇల్లు

మగ్గం అన్నా, మీ పోస్టు చదివి రాత్రి ఇంటికి ఫోన్ చేసి అడిగాను. అమ్మ వెంటనే చెప్పింది, వంటింట్లో గట్టు ఎత్తు ఎక్కువట, పాత ఇంట్లో కూర్చుని వండే అలవాటు, నిలబడితే మోకాళ్లు లాగుతున్నాయట. కుర్చీలో కూర్చుని కూరలు తరిగి వండుకునేలా గట్టులో కొంత భాగం కిందికి కావాలంది. తర్వాత, వీధి వైపు అరుగు తీసేస్తున్నారు కదా అది వద్దు, అరుగు ఉండాలి అంది. ప్లానులో అక్కడ గేటు, కార్ పార్కింగ్ ఉన్నాయి. నాన్న మాత్రం నీళ్ల మోటారు ఆగిపోయిందో లేదో తెలిసే లైటు ఒకటి మంచం దగ్గర పెట్టమన్నారు, అంతే.

ఇంజినీరు గారితో మాట్లాడి మార్చినవి ఇవి: గచ్చు ఎత్తు రెండడుగులు పెంచుతున్నాం, ర్యాంపుతో. అన్ని తలుపులూ 3 అడుగులు. కింద వేరే బాత్రూముతో చిన్న గది. ఒక చల్లగది. సంపు రెట్టింపు. పార్కింగ్ పక్కకు జరిపి అరుగు ఉంచుతున్నాం. త్రీఫేజ్‌కు దరఖాస్తు పెడుతున్నాను. చప్పుడు రాని గది పై అంతస్తులో, తమ్ముడూ, అది నీ మాట వల్లే. పెంకులు అమ్మేశాం ఆర్కిటెక్ట్ గారూ, దూలాలు మాత్రం ఉన్నాయి.

కెమెరాల గురించి అమ్మను అడిగితే వీధి గుమ్మం దగ్గర ఒకటి చాలు, ఇంట్లో వద్దంది.

డల్లాస్_బాబాయ్

మా అమ్మగారిని నేనూ అడుగుతాను ఈ ఆదివారం. కెమెరా పెట్టేటప్పుడు అడగలేదు.

రాత్రిడ్యూటీ_నర్సు

గట్టు కింద కాళ్లు పట్టేలా ఖాళీ వదలమని మేస్త్రికి చెప్పండి, కప్‌బోర్డులు పెడితే కుర్చీ లోపలికి వెళ్లదు. ర్యాంపు వాలు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ తొయ్యలేరు. గచ్చు ఎత్తు పెంచారు కాబట్టి ర్యాంపు పొడవు ఎక్కువే అవుతుంది, ఇంటి పక్కగా తిప్పి తీసుకోండి. రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు.

సబ్‌స్టేషన్_ఏఈ

మాటమర ఇంజినీర్ గారు పైపుల గురించి అడిగారు కదా, చెబుతాను. డాబా మీద సోలార్ చోటు నుంచి డీబీ దాకా ఒక అంగుళంన్నర ఖాళీ పైపు, డీబీ నుంచి బ్యాటరీ పెట్టే గోడకు ఒకటి, కారు నిలిపే చోటుకు ఒకటి. ప్రతి గదికీ కరెంటు పైపుకు దూరంగా డేటా వైర్ల కోసం వేరే పైపు. అన్నిటిలో లాగుడు తీగ వేసి చివరలు మూసేయండి, లేకపోతే కాంక్రీటు పాలు లోపలికి దిగి గట్టిపడిపోతాయి. మలుపులు తక్కువ ఉండాలి, ఎల్బోలు వద్దు, పొడవాటి బెండ్లు పెట్టించండి. బాత్రూము సీలింగుకు నర్సు గారు చెప్పిన పాయింటు మర్చిపోవద్దు. ఎర్తింగ్ గుంతలు రెండు తవ్వించండి, సోలార్‌కు విడిగా.

నాన్నగారి లైటు సులువు, మోటారు స్టార్టరు నుంచి మంచం దాకా సన్న పైపు ఒకటి చాలు, అది కూడా ఇప్పుడే.

శ్లాబు పొయ్యడానికి ముందురోజు పైపులన్నీ కనిపించేలా, పక్కన టేపు పెట్టి ఫోటోలు తియ్యండి. గోడల్లో వేసినవి కూడా ప్లాస్టరింగ్‌కు ముందే. ప్రింట్లు తీయించి డీబీ తలుపు లోపల ఒక కవరులో పెట్టండి, ఫోన్లో ఉన్నవి ముప్పై ఏళ్లు ఉండవు. పలకల ఆయుష్షు 25 ఏళ్ల చుట్టూ, ఇన్వర్టరు అంతకు ముందే మార్చాలి. వచ్చే ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఆ ఫోటో చూసి గోడ పగలగొట్టకుండా పని చేసుకుంటాడు. శ్లాబు తారీఖు చెప్పండి, నాకు కుదిరితే వచ్చి ఒకసారి చూస్తాను, మాది పాలకొల్లే.